మొలతాడు కాని తెల్లగీత

"ఇది చదివినోడు మనిషా, మిషనా?"

హఫీజా వేసిన ఆ కేకకు ఎక్స్‌రే గది బయట బెంచీమీద కూర్చున్న నలుగురూ ఉలిక్కిపడి లేచారు. గది తలుపు మూసే ఉంది. సీసపు రేకు వేసిన తలుపు అది. దాన్ని దాటి ఎక్స్‌రే కిరణం బయటికి రాదు గానీ, హఫీజా గొంతు మాత్రం వస్తుంది.

ఆమె చేతిలో అప్పుడే ప్రింటయిన కాగితం ఉంది. ప్రొద్దుటూరులోని ఆ నర్సింగ్ హోంలో తీసిన ఫిలింలు కంప్యూటరు గుండా బెంగళూరుకు పోతాయి. ముఖమెరుగని డాక్టరెవరో అక్కడ చూసి గంటలోపల రిపోర్టు పంపిస్తారు. ఆరేళ్ల యశ్వంత్ కడుపు ఫిలిం గురించి వచ్చిన రిపోర్టులో నాలుగే నాలుగు వరుసలున్నాయి. స్కానింగులో కనిపించిన నీటితిత్తి వల్ల పేగులు పక్కకు తోసుకుపోయాయట. కుడివైపు కనిపించే తెల్లగీత మాత్రం ఒంటిమీది మొలతాడు, తాయెత్తు దారాల నీడట. దాన్ని పట్టించుకోనక్కరలేదట.

మొలతాడంట! ఆ పిల్లవాడి వెండి మొలతాడు గంట కిందట హఫీజా తన చేతులతో విప్పి తల్లి గుప్పిట్లో పెట్టింది. లేని మొలతాడుకు నీడ ఎక్కడినుంచి వస్తుంది?

గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. పదకొండున్నరకు యశ్వంత్‌కు ఆపరేషన్. కడుపు కోసి ఆ నీటితిత్తిని తీసేయాలని సర్జన్ దత్తాత్రేయ ముందురోజే నిర్ణయించాడు. నర్సింగ్ హోం కూడా ఆయనదే.

హఫీజాను ఊరికే కోపిష్టిదని కొట్టిపారేసేవాళ్లకు ఆమె సంగతి తెలియదు. ఆమెది కొండాపురం దగ్గర పల్లె. గండికోట జలాశయంలో ఆ పల్లె మునిగిపోయింది, ఆమె చదువుకున్న బడి కూడా నీళ్లకిందే ఉంది. ఆ బడిలో పదో తరగతి తెలుగు మాధ్యమంలో మొదటి మార్కులు ఆమెవే. ఇరవై రెండో ఏట జమ్మలమడుగులో ఒక ఆసుపత్రి చీకటిగదిలో ఫిలింలు కడిగే పనికి కుదిరింది. మందునీళ్లకు వేళ్లు పగిలి, గోళ్లు పసుపుపచ్చబడినా పని వదల్లేదు. కడిగే ఫిలిం ఎవరిదో, అందులో ఏముందో అడిగి అడిగి తెలుసుకుంది. తర్వాత కర్నూలుకు పోయి ఎక్స్‌రే కోర్సు చదివింది. ఇంగ్లీషులో చెప్పిన పాఠాన్ని రాత్రికి తెలుగులో రాసుకుని చదివి, ఆ బ్యాచిలో రెండో ర్యాంకు తెచ్చుకుంది. ముద్దనూరు దారిలో బస్సు బోల్తాపడిన రోజు ఒక్కతే నలభై రెండుమందికి ఫిలింలు తీసింది; ఒక్కటి కూడా రెండోసారి తీయాల్సిన పని పడలేదు. జాండ్రపేట నేతగాడి మడమలో విరిగిన సూదిముక్కను ముగ్గురు చూడలేకపోతే పాదాన్ని పక్కకు తిప్పి చూపించింది హఫీజానే. పంద్రాగస్టు నాడు కలెక్టరు చేతిమీదుగా ప్రశంసాపత్రం తీసుకుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్నవాళ్లు కడపనుంచి కువైట్ దాకా పద్దెనిమిదిమంది ఉన్నారు. ముప్పై ఏడేళ్ల సర్వీసు అంటే ఇది. ఇంత చేసిన మనిషికి కోపం రావడానికి కూడా కొంత హక్కుంటుంది.

మొలతాడు విషయంలో ఆమెకొక పద్ధతి ఉంది. ఈ సీమలో పసిపిల్లల నడుము క్షణం కూడా బోడిగా ఉండనీయరు. వెండిది తీయమంటే అవ్వలు కొట్టడానికి వస్తారు. చాలామంది టెక్నీషియన్లు ఈ గొడవెందుకని మొలతాడుతోనే ఫిలిం తీసేస్తారు. బెంగళూరు డాక్టరుకు మన వైపు ఫిలింలలో ఆ నీడ చూడటం అలవాటైపోయింది. హఫీజా అలా కాదు. సొరుగులో నల్లదారపు ఉండ పెట్టుకుంటుంది. నూలుదారం ఫిలింలో పడదు. ముందు అది కడుతుంది, తర్వాత వెండిది విప్పుతుంది.

ఆ ఉదయం కూడా అంతే జరిగింది. యశ్వంత్‌ను అమ్మ స్వాతి ఎత్తుకుని తెచ్చింది. వెంట నాయనమ్మ సుశీలమ్మ. పులివెందుల పక్క పల్లెలో పదెకరాల చీనీ బత్తాయిల తోట ఉన్న రైతు కుటుంబం వాళ్లది. ఊళ్లో ఏ పంచాయితీ అయినా ఒకమాట సుశీలమ్మ చెవిన వేసిగానీ మొదలుపెట్టరు.

"మా ఇంట్ల మొగపిల్లోని మొలతాడు విప్పేది ల్యా. అట్లనే తియ్యి," అంది సుశీలమ్మ.

"విప్పేదానికి నేనూ ఒప్పుకోనక్కా, అందుకే ముందు ఇంకోటి కడతాండా చూడు." హఫీజా నల్లదారం చుట్టి ముడివేసింది. "ఇప్పుడు పిల్లోని నడుము బోడిగా ఉందా? ల్యాదు కదా? ఇంక వెండిది ఇడు. ఆ మెడలో తాయెత్తు కూడా."

"శానా తెలివైనదానివే."

"ముప్పై ఏడేండ్లు అవ్వలతో ఏగినాను కదక్కా, రాకేం చేస్తాది?"

చొక్కా పైకి తీసినప్పుడు కుడివైపు డొక్క కింద చిటికెనవేలంత మచ్చ కనిపించింది. ఇదేందని హఫీజా అడిగింది. స్వాతి నోరు తెరవబోయింది గానీ అత్త ముందే అందుకుంది. "చిన్నప్పుడు సెగ్గడ్డ లేచింటే కోసినారు."

పిల్లవాడు బల్లమీద పడుకున్నాక లైటు మొహాన పడగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తెల్లవారినుంచి నాలుగుసార్లు కక్కుకున్నాడని స్వాతి చెప్పింది. పలకరిస్తే ఒకమాట చెప్పి మళ్లీ నిద్రలోకి జారుతున్నాడు. కడుపునొప్పి పిల్లలు ఏడుస్తారు, ముడుచుకుంటారు. ఇలా నిద్రపోరు. తెరమీద ఫిలిం పడగానే ఆ తెల్లగీత కనిపించింది. పక్కటెముకలమీదినుంచి దిగి, కడుపులోకి వచ్చి, కిందిభాగంలో రెండు చుట్లు తిరిగి ఆగింది.

అలాంటి గీతను ఆమె కర్నూలులో కోర్సు చదివేటప్పుడు తలవార్డు పిల్లల ఫిలింలలో చూసింది. తలలో ఊరే నీరు దారిలేక నిలిచిపోయే పిల్లలుంటారు. వాళ్లకు చెవివెనకనుంచి సన్నని గొట్టమొకటి చర్మం కిందుగా మెడ, రొమ్ము దాటించి, డొక్క దగ్గర చిన్న కోత పెట్టి కొసను కడుపులో వదులుతారు. దాన్ని షంట్ అంటారు. తలలో ఎక్కువైన నీరు కడుపులోకి దిగి ఇంకిపోతుంది. ఏళ్లతరబడి ఏ గొడవా లేకుండా పనిచేస్తుంది. ఎప్పుడైనా ఆ కొస చుట్టూ పొర పేరుకుని నీరు ఇంకకుండా తిత్తి కట్టిందంటే మాత్రం కింద కడుపు ఉబ్బుతుంది, పైన తలలో నీరు నిలుస్తుంది. చూసేవాళ్లు కడుపునే చూస్తారు. ప్రాణం పోయేది తల దగ్గర.

అందుకే రిపోర్టు చూసి ఆమె అంత కేక వేసింది. కాగితం పట్టుకుని నేరుగా దత్తాత్రేయ గదిలోకి పోయింది.

"సార్, ఆ గీత మొలతాడు కాదు."

దత్తాత్రేయ కాఫీ తాగుతూ తలెత్తాడు. "రిపోర్టు చూసినాను కదా హఫీజమ్మా."

"రిపోర్టు రాసినాయన బెంగళూర్లో ఉండాడు. మొలతాడు విప్పిందాన్ని నేను ఈడ నిలబడుండా."

"మొలతాడు కాకుంటే తాయెత్తు దారం."

"అదీ తీసినా. అయినా మొలతాడు నడుము చుట్టూ తిరుగుతాది గానీ రొమ్ముమీదికి పాకుతాదా సార్? అది లోపల ఉండే గొట్టం. తలనుంచి వచ్చాండాది."

"ఏ ఆపరేషనూ కాలేదని నాయనమ్మ చెప్పింది. కేసుషీటులో రాసినాను. లేని ఆపరేషనుకు గొట్టం ఎట్లొస్తాది?"

"వాళ్లు చెప్పకపోతే ఫిలిం చెప్తాంది కదా!"

ఆయన కప్పు కింద పెట్టాడు. "చూడమ్మా, నీ పని ఫిలిం తీసేది. దాన్ని చదివేదానికి నేను బెంగళూరు వాళ్లను పెట్టుకున్నా. అందరూ అన్నీ చదివితే ఇంక డాక్టర్లెందుకు? పదకొండున్నరకు థియేటరు. పో."

హఫీజా పోలేదు. "పిల్లోడు లైటు చూడలేకుండా ఉండాడు సార్. మత్తుగా ఉండాడు."

"వాంతులకు నీరసపడినాడు. పో అంటాండా కదా."

హఫీజా రిపోర్టును నాలుగు మడతలు పెట్టి బయటికి వచ్చింది. నీ పని ఫిలిం తీసేదే అన్న మాట ఆమె వినడం ఇది మొదటిసారి కాదు. సూదిముక్క చూపించిన రోజు కూడా ముందు ఇదే మాట, తర్వాతే మెచ్చుకోలు. డాక్టరు చెప్పకుండా ఫిలిం తీయడం తప్పు. ఆ పద్దెనిమిదిమందికీ ఆమె నేర్పిన మొదటి పాఠమే అది. అవసరం లేకుండా పసివాడి ఒంటికి ఎక్స్‌రే తగలనీయకూడదు. ఉద్యోగం పోతే పోతుంది, ఎలాగూ రిటైరవడానికి ఇంకో ఏడాదే. కానీ తన లెక్క తప్పయితే?

వార్డు దాకా నడిచేలోపల ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. ఫిలిం తీసేముందు చేత్తో చూడవచ్చు కదా.

యశ్వంత్ మంచంమీద మూలుగుతూ పడుకుని ఉన్నాడు. హఫీజా వంగి అతని కుడిచెవి వెనక జుట్టులో వేళ్లు పెట్టింది. చొక్కా గుండీ అంత బుడిపె చేతికి తగిలింది. అక్కడినుంచి మెడమీదుగా తాడులాంటిది కిందికి దిగుతోంది.

"స్వాతీ, ఇదేంది?"

స్వాతి అత్త ముఖం చూసింది.

"పుట్టుమచ్చ," అంది సుశీలమ్మ.

"పుట్టుమచ్చకు తోక ఉంటాదా అక్కా?"

"ఏమ్మే, మెల్లగా మాట్లాడు. బయట మా ఊరోళ్లు కూచోనుండారు."

"ఊరోళ్లుంటే నాకేంది? ఈ పిల్లోనికి తలలో నీళ్లు చేరి గొట్టం పెట్టినారా, లేదా?"

అప్పటిదాకా నోరెత్తని స్వాతి ఒక్కసారిగా భోరుమంది. "పెట్టినారమ్మా. నాలుగోనెల్లో, బెంగళూర్లో. ఊర్లో కామెర్లని చెప్పినాం. డాక్టరు కడుపుకు ఆపరేషనయిందా అని అడిగినారు. అయింది తలకు కదా, దానికీ దీనికీ ఏంలే అని అత్తమ్మ అనింది. నేనూ అదే అనుకున్యా."

"ఏంటికి చెప్పల్ల?" అంది సుశీలమ్మ. "వాని తల అప్పట్లో ఇంత ఉన్యింది. మా తోట పనోళ్లే బుర్రోడు బుర్రోడని నవ్వుకునేవాళ్లు. ఆ పేరు వాని మీదినుంచి దించేదానికి నాకు ఆరేండ్లు పట్టింది. మళ్లా నా నోటితోనే ఎక్కించల్లా?"

"నీ పరువు ఎంత పొడుగుంటాదక్కా? వాని గొట్టమంత ఉంటాదా?" హఫీజా గొంతుకు వార్డంతా ఇటు తిరిగింది. "ఇంకో గంటన్నరలో సార్ కత్తి పట్టుకుంటాడు. లోపల గొట్టం ఉండే సంగతి ఆయనకు తెల్దు. తలలో నీళ్లు నిలిచిన పిల్లోనికి మత్తుమందు ఇచ్చి, కడుపు కోసి కూచుంటే, లేచ్చాడనుకుంటాండావా? అప్పుడు నీ ఊరోళ్లు ఏమంటారు? మంచిపేరుతో పోయినాడంటారా?"

సుశీలమ్మ మంచంకోడు పట్టుకుంది.

"స్వాతీ, ఎత్తుకో. ఇంకో మూడు ఫిలింలు తీయల్ల."

తలకొకటి, మెడకొకటి, రొమ్ముకొకటి. మూడూ ఒక్కోసారికే సరిగ్గా వచ్చాయి. మెడ ఫిలింలో పిల్లవాడు కదలకుండా స్వాతి సీసపు కోటు వేసుకుని గడ్డం పట్టుకుంది. ప్రింటు తీసి, నాలుగు ఫిలింలూ చంకలో పెట్టుకుని హఫీజా మెట్లెక్కింది. పదకొండు దాటింది. దత్తాత్రేయ థియేటరు ముందు వరండాలో ఆకుపచ్చ బట్టల్లో ఉన్నాడు.

ఆమె పాతకాలంలో తడి ఫిలింలు చూసినట్టు వాటిని కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని కింద ఒకటి పట్టుకుంది. రెండు చేతులకు నాలుగు ఫిలింలు పట్టవు. కింద ఫిలిం జారబోతే దత్తాత్రేయే చేయి వేసి ఆపాడు.

ఎండ ఫిలింల వెనకనుంచి కొట్టింది. తెల్లగీత చెవివెనక మొదలైంది. మెడలో దిగింది, రొమ్ముమీద దిగింది, కడుపులోకి వచ్చి నీటితిత్తి ఉన్నచోట రెండు చుట్లు తిరిగి నిలిచింది. మధ్యలో ఎక్కడా తెగలేదు.

దత్తాత్రేయ ఆ గీతవెంట వేలు పోనిచ్చాడు. మాస్కు ముడి విప్పాడు.

"ఈ మూడూ ఎవరు తీయమన్నారు?"

"ఎవురూ తీయమనల్యా. నేనే తీసినా. తర్వాత తిడుదురుగానీ, ముందు ఆపండి."

ఆయన తిట్టలేదు. లోపలికి తొంగి థియేటరు ఖాళీ చేయమన్నాడు. మెట్లు దిగి వార్డులోకి పోయి పిల్లవాడి కళ్లలో టార్చి వేసి చూశాడు. ఆయన ముఖం మారింది. "దీన్ని కోసేది కాదు. ఆ గొట్టం కొసను బయటికి తీయల్ల, తలనీరు ఎట్లన్నా దింపల్ల. మనవల్ల కాదు. తలడాక్టరు కావల్ల," అని తిరుపతిలోని పెద్దాసుపత్రికి ఫోను చేశాడు. అంబులెన్సు పిలిపించాడు.

అటునుంచి మాట్లాడే డాక్టరు ప్రశ్నలమీద ప్రశ్నలు వేశాడు. గొట్టం ఎప్పుడు పెట్టారు? ఎందుకు? మధ్యలో మార్చారా? జ్వరమేమైనా ఉందా? దత్తాత్రేయ ఫోన్ స్వాతికి ఇచ్చాడు. ఏడుపులో ఆమెకు మాట రాలేదు. సుశీలమ్మ కోడలి చేతిలోనుంచి ఫోను తీసుకుంది. వరండాలో బెంచీమీద వాళ్ల ఊరివాళ్లిద్దరు చెవులు రిక్కించి కూర్చున్నారు.

"మా మనవడికి నాలుగోనెల్లో తలలో నీళ్లు చేరింటే గొట్టం పెట్టినారు సార్," అంది సుశీలమ్మ. సిగ్నలు సరిగా లేదు. అటువైపు వినపడలేదు.

"గట్టిగా చెప్పక్కా," అంది హఫీజా.

సుశీలమ్మ ఆమెవైపు చూసిన చూపుకు ఇంకొకరయితే కాలిపోయేవారు. "తలలో నీళ్లు సార్! గొట్టం! తలకాడినుంచి కడుపుదాంకా!" అని అరిచింది. ఆ అరుపు గేటు దాకా వినిపించింది. ఆ తర్వాత అడిగినవాటన్నిటికీ అదే గొంతుతో జవాబు చెప్పింది.

అంబులెన్సు వచ్చి ఆగింది. హఫీజా దాని వెనక తలుపుకు అడ్డం నిలబడింది.

"మళ్లీ ఏంది?" అన్నాడు దత్తాత్రేయ.

"కాగితం మార్చండి. బెంగళూరు రిపోర్టు ఫైల్లో అట్లనే ఉంది."

"ఫోన్లో అంతా చెప్పినా కదమ్మా!"

"వీళ్లు ఆడికి చేరేటప్పటికి ఆ డాక్టరు డ్యూటీ దిగింటాడు. ఇంకొకాయన ఫైలు తెరుస్తాడు. మొలతాడు నీడ, పట్టించుకోనక్కరల్యా అని చదువుతాడు. మీరు చదివినట్లే."

ఆ చివరిమాట ఆయనకు తగలాల్సినచోటే తగిలింది. జేబులోనుంచి పెన్ను తీసి ఆ వరుసను రెండు గీతలతో కొట్టేశాడు. పక్కన పెద్ద అక్షరాలతో షంట్ అని రాసి, కొస తిత్తిలో ఉందని రాసి సంతకం పెట్టాడు. ఆమె చదివి చూసుకున్నాకే తలుపు వదిలింది.

మరుసటిరోజు దత్తాత్రేయ ఆమెను పిలిచి, ఆర్డరు లేకుండా తీసిన మూడు ఫిలింలకు సంజాయిషీ రాసివ్వమన్నాడు. రికార్డుకు కావాలన్నాడు. రాసింది, తెలుగులో, పల్లెబడిలో దిద్దిన గుండ్రని అక్షరాలతో. ఫలానా టైముకు ఫలానా ఫిలిం తీసినాను, కారణం ఇది. కింద ఇంకొక వరుస చేర్చింది: ఇకమీదట బెంగళూరుకు పంపే ప్రతి ఫిలింతోపాటు ఒంటిమీద ఏమి తీశామో, ఏమి తీయలేదో టెక్నీషియన్ రాసి పంపాలి, రిపోర్టుమీద టెక్నీషియన్‌కు అనుమానముంటే డాక్టరు వినాలి. ఆయన చదివి, దాన్ని ఫైల్లో పెట్టలేదు. ఎక్స్‌రే గది గోడకు అంటించమన్నాడు. మెచ్చుకోలు మాత్రం నోటినుంచి రాలేదు. హఫీజా కూడా దానికోసం ఆగలేదు.

తిరుపతిలో గొట్టం కొసను కడుపులోనుంచి బయటికి తీసి, నీరు దిగేలా ఒక సంచికి కలిపారు. తలనీరు దిగగానే యశ్వంత్ కళ్లు తెరిచాడు. కడుపులోని తిత్తి కత్తి పెట్టకుండానే రోజురోజుకూ కుంచించుకుపోయింది. గొట్టం కొసకు పట్టిన చీముకు మందులిచ్చి, మూడువారాలకు కొత్త గొట్టం వేశారు. ఇంటికి వచ్చిన రోజు మధ్యాహ్నం స్వాతి ఫోను చేసింది.

"బాగుండాడమ్మా. అన్నం అడిగి తింటాండాడు."

"సరే. గొట్టం ఉండాదని బళ్లో టీచరుకు చెప్పినారా?"

"చెప్పినాం."

"ఊర్లో ఆరెంపీ డాక్టరుకు?"

"అత్తమ్మే పోయి చెప్పొచ్చింది."

"తలనొప్పి, వాంతులు, కడుపుబ్బరం, ఏదొచ్చినా ముందు గొట్టం సంగతి చెప్పల్ల. తర్వాతే మిగతావి. ఫోను మీ అత్తకియ్యి."

కాసేపటికి సుశీలమ్మ అలికిడి వినిపించింది. హఫీజా మొదలుపెట్టింది. సెగ్గడ్డ గురించి, పుట్టుమచ్చ గురించి, కామెర్ల గురించి, ఇన్నాళ్లుగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కటీ వదలకుండా అంది. ఎక్స్‌రే కోసం వచ్చినవాళ్లు బయట బెంచీమీద సర్దుకుని కూర్చున్నారు.

హఫీజా ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు సుశీలమ్మ అడిగింది.

"అయిపోయిందా, ఇంకా ఉందా?"

"ఇంకా ఉంది."

"అయితే ఉండు, కూచుంటా," అంది సుశీలమ్మ. ఫోనులో కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.